గుప్పెడు ఆవాలు

ముందే చెబుతున్నాను, ఇందులో వత్సల టీచర్ అన్నది అసలు పేరు కాదు. వాళ్లమ్మ పోయి ఏడాదయ్యాక, జరిగినదంతా నేను కూర్చోబెట్టి చెబితే, కళ్లు తుడుచుకుని "రాయండి చేచీ" అంది. చేచీ అంటే మా వైపు అక్క. అలా అన్నాకే రాస్తున్నాను. అయినా పేరు మార్చాను. అసలు పేరేమిటని మా కొట్టుకొచ్చి అడిగేవాళ్లకి టీ ఇప్పిస్తాను గానీ జవాబివ్వను. నా పేరు మాత్రం నిజమే. కొచ్చుత్రేసియ. కేరళలో ఇరింజాలకుడ బస్టాండు వెనక సందులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను.

నాకు పని నేర్పిన మా మేనత్త పెట్టిన నియమం ఒక్కటే. కొలత నోటితో పలకకూడదు. మిగతా కొట్లలో టేపు పట్టుకున్నవాడు "ఛాతీ ముప్పై ఎనిమిది, నడుం ముప్పై ఆరు" అని కేకేస్తే ఇంకొకడు రాసుకుంటాడు. బల్ల మీద కూర్చున్న నలుగురూ వింటారు. నేను తలుపు వేసి, టేపు పెట్టి, అంకె చూసుకుని, నోరు మూసుకుని పుస్తకంలో నేనే రాస్తాను. కున్నంకుళంలో బైండు చేయించిన పొడుగాటి పుస్తకం. మనిషికో పేజీ. అంకెల కింద నాకు గుర్తుండటానికి నాలుగు మాటలు. కుడి భుజం జారుడు. కడుపు మీద కుట్లున్నాయి, బొందు బిగించొద్దు. ఐదో నెల, పక్కల గుడ్డ వదలాలి, ఇంట్లో ఇంకా చెప్పలేదు. చేతి మీద కమిలిన గుర్తులు, మోచేయి దాటి చేతులు పెట్టాలి.

ఆ పుస్తకం తెరిస్తే మా ఊళ్లో సగంమంది ఆడవాళ్ల ఒళ్లు తెరిచినట్టే. అందుకే మిషను సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో శిలువ పక్కన వేసుకుని తిరిగాను. నా కొడుకు శిజోకి కూడా ఇవ్వలేదు. ఆ కర్కిడకం నెలలో నా కోడలికిచ్చాను.

కర్కిడకం అంటే ఎడతెగని వాన. పెళ్లిళ్లు లేవు, పేరంటాలు లేవు, మిషను మీద పిల్లి పడుకునేది. పైగా పెద్ద రోడ్డు మీద రెడీమేడ్ కొట్లు రెండు కొత్తగా వెలిశాయి. నా కోడలు జిస్మి బీకాం చదివింది. చురుకైన పిల్ల, పొద్దుటి గంజి తాగుతూ కూడా ఫోనులో ఏదో ఒకటి నేర్చుకుంటూ ఉంటుంది. ఒకరోజు ఆ ఫోను నా ముక్కు కింద పెట్టింది.

"అమ్మచ్చీ, దీని పేరు తుంబి. దర్జీల కోసం చేసిన యాప్. మన కొలతలన్నీ ఇందులో ఎక్కిస్తే చాలు, ఓణం ముందు ఒక్కొక్కరికీ పేరు పెట్టి మెసేజ్ పోతుంది. 'ఓమన చేచీ, మీ కొలత మా దగ్గర భద్రం, గుడ్డ పంపండి చాలు' అని."

"ఎంతట?"

"ఫ్రీ."

"ఊరికే ఎవడిస్తాడే, వాడికేం పుట్టింది?"

"అబ్బా, మీకన్నీ అనుమానాలే! రెడీమేడ్ వాళ్లు మెసేజులు పంపుతున్నారు, మనం పిల్లికి పక్క వేస్తున్నాం."

పిల్లి మాట నిజమే. ఇంకేం మాట్లాడతాను? తాళంచెవి తీసిచ్చాను.

నాలుగు రోజులు కూర్చుని ఎక్కించింది. టైపు చేయడం ఆలస్యమని ఫోనుకి నోటితోనే చెప్పేది. "ఓమన. నడుం నలభై రెండు. చంక కింద ఒరిపిడి." మా కొట్లో కొలత నోటితో పలకడం అదే మొదటిసారి. లేచి తలుపు వేసి వచ్చాను. ఇంత వాన హోరులో ఎవరికి వినబడుతుందిలే అని సరిపెట్టుకున్నాను.

మూడో రోజు ఒక పేజీ దగ్గర ఆగింది.

"ఇదేంటి అమ్మచ్చీ? 'ఎడమ: సంచి, దూది, గుప్పెడు ఆవాలు.' ఊరగాయా?"

వత్సల టీచర్ పేజీ అది. రెండేళ్ల కిందట ఆవిడ ఇంట్లో మూడు వారాల ట్రైనింగని చెప్పి ఎర్నాకుళం వెళ్లి, ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. ఎడమ రొమ్ము తీసేశారు. పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో ఉన్నది తనూ, డెబ్బై తొమ్మిదేళ్ల తల్లీ. పెద్ద కూతురు ఇదే జబ్బుతో ఆ తల్లి ఒళ్లోనే పోయింది. "అమ్మకి తెలిస్తే నాకంటే ముందు ఆవిడ పోతుంది చేచీ, ఎవరికీ తెలియకూడదు" అని నా గది తలుపు గడియ పెట్టి చెప్పింది. నేను జాకెట్టు లోపల గుండీతో తగిలించే చిన్న సంచి కుట్టాను. ఒట్టి దూది అయితే తేలిపోయి పైకి లేస్తుంది. బరువు సరిపోవడానికి గుప్పెడు ఆవాలు పోశాను. అద్దంలో చూసుకుని, రెండు చేతులూ పైకెత్తి బోర్డు మీద రాసినట్టు చేసి, "సరిపోయింది చేచీ" అంది. ఆ రోజు నా పని మీద నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను.

జిస్మి అడిగినప్పుడు నా నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. నోరు మూసుకుని ఉండటానికి అంతకంటే మంచి సాకు దొరకదు. కానీ తీసి పక్కన పెట్టి మరీ చెప్పాను. "ఆపరేషన్ అయింది పాపం. ఎవరికీ చెప్పకు." ఈ తప్పు నాది. ఎవరి మీదకీ నెట్టను.

ఓణం నెల చింగం వచ్చింది, ఎండ వచ్చింది, మెసేజులు వెళ్లాయి. ఆర్డర్లు వచ్చిపడ్డాయి. పిల్లి ఇల్లు మారింది. తుంబి వాళ్లు మా కొట్టుని జిల్లాలో మొదటి కొట్టుగా ఎంచారు, ఓణం ముందు చర్చి హాల్లో దర్జీల సభ పెట్టి జిస్మికి శాలువా కప్పుతామన్నారు. శిజో ఆ సంగతి తను కండక్టరుగా తిరిగే బస్సులో ప్రతి స్టాపులోనూ చెప్పాడు.

మొదట వచ్చింది ఓమన. మెట్లెక్కుతూనే అరుపు.

"నా నడుం నలభై రెండని నీకూ నాకూ దేవుడికీ తప్ప ఎవరికి తెలుసు చేచీ?"

"ఏమైందే?"

"ఇది చూడు! 'ఓమనా, నలభై రెండు నుంచి ముప్పై ఆరుకి నలభై రోజుల్లో.' పొట్ట తగ్గించే పొడి! దేవుడు పంపలేదు, నేను పంపుకోలేదు. ఇంక మిగిలింది ఎవరో నువ్వే చెప్పు!"

జిస్మి నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది. ఓమనని బుజ్జగించి పంపాను. ఐదో నెల పేజీ గుర్తొచ్చింది, కమిలిన గుర్తుల పేజీ గుర్తొచ్చింది. అన్నిటికంటే ముందు ఆవాలు గుర్తొచ్చాయి.

మర్నాడు బడి వదిలాక వత్సల టీచర్ వచ్చింది. గొడుగు మూసి మూలన పెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోను బల్ల మీద పెట్టింది. అది ఆవిడది కాదు, వాళ్లమ్మది. జాకెట్టు అయిందని కబురు చెయ్యడానికి ఇంటి నంబరే ఇస్తారు మా వైపు ఆడవాళ్లు, ఆవిడా అదే ఇచ్చింది.

తెర మీద ఒక ఆడమనిషి పళ్లికిలించి నవ్వుతోంది. కింద అక్షరాలు. "ప్రియమైన వత్సలా, ఆపరేషన్ తర్వాత కూడా ఈ ఓణానికి నిండుగా! మీ ఎడమవైపు కొలతకి సరిగ్గా సరిపోయేది మా దగ్గర సిద్ధం."

"అమ్మ చూసిందో లేదో తెలియదు" అంది టీచర్. "నేను చూసేసరికి తెరిచి ఉంది. మూడు రోజులైంది. సాంబారు పెడుతోంది, విష్ణు సహస్రనామం చదువుకుంటోంది, ఏం మాట్లాడదు. నేను అడగలేను. అడిగితే చెప్పినట్టేగా."

తెర మీది బొమ్మ కనబడకుండా ఫోను బోర్లా పెట్టాను.

"మీరెవరికి చెప్పారు చేచీ?"

కోపంగా అడిగి ఉంటే తట్టుకునేదాన్ని. పరీక్షలో తప్పిన పిల్లని అడిగినట్టు మెల్లగా అడిగింది. నేను జిస్మి వైపు చూడకుండా, "నేనే చెప్పాను టీచర్" అన్నాను. ఆవిడ ఫోను తీసుకుని, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయింది. కుట్టి ఉంచిన ఓణం జాకెట్టు బల్ల మీదే వదిలేసింది.

"నీకు చెప్పొద్దన్నానా లేదా?" అన్నాను జిస్మితో.

"నేనెవరికీ చెప్పలేదమ్మచ్చీ! ఒట్టు! మా అమ్మకి కూడా చెప్పలేదు."

"మరి వాడికెలా తెలిసింది?"

"'గమనికలు' అని ఒక గడి ఉంది. అది నింపకపోతే పేజీ ముందుకెళ్లలేదు. మీరు చెప్పింది అందులో పెట్టాను." ఫోను నా వైపు తిప్పి ఆ గడి చూపించింది. "యాప్ ఎవరూ కాదుగా అనుకున్నాను."

ఆ మాటకి కొట్టబోయిన చెయ్యి ఆగిపోయింది. నేనూ అదేగా అనుకున్నాను. గాజు ముక్క, దానికి చెవులేమిటి, నోరేమిటి అనుకున్నాను. దాని వెనక ఎంతమంది కూర్చుని పుస్తకం తిరగేస్తున్నారో మా ఇద్దరికీ తట్టలేదు. ఆ రోజు అత్తాకోడళ్లం ఇద్దరం అన్నం తినలేదు. శిజో మధ్యలో తలదూర్చి, "ఇప్పుడేమైందని, అందరికీ వస్తాయి ఇలాంటి మెసేజులు" అన్నాడు. వాడి మీద ఇద్దరం కలిసి విరుచుకుపడ్డాం. వాళ్ల పెళ్లయి రెండేళ్లయినా మేమిద్దరం ఒక వైపు నిలబడటం అదే మొదలు.

జిస్మి కంపెనీకి ఫోన్ చేసింది. జిల్లా చూసే సనూప్ సార్ ఎత్తాడు. తియ్యటి గొంతు.

"మేం ఎవరి సమాచారమూ అమ్మలేదు చేచీ. భాగస్వాములతో పంచుకున్నాం, అంతే."

"పంచుకోడానికి అదేమన్నా అప్పడమా?" అన్నాను ఫోను లాక్కుని.

"మీరు ఒప్పుకున్నారు కదా. 'సరే' అని నొక్కాకేగా లోపలికి వచ్చింది? షరతులన్నీ అందులోనే ఉన్నాయి."

పదకొండు పేజీల ఇంగ్లీషు. జిస్మి బీకాం చదివినా దాన్ని చదవలేదు. రాసినవాడికీ అదే కావాలి.

"సభలో కలుద్దాం చేచీ. మీ కోడలికి శాలువా ఉంది" అన్నాడు.

"వస్తాం. తప్పకుండా వస్తాం" అన్నాను.

ఓణానికి నాలుగు రోజుల ముందు సభ. చర్చి హాల్లో అరవై మందికి పైగా దర్జీలు, అందరూ ఆడవాళ్లే. వేదిక మీద పూలతో ముగ్గు, మైకు, జిల్లా మ్యాపు, పక్కన తెల్లబోర్డు. సనూప్ సార్ ముప్పై ఐదేళ్లవాడు, ఇస్త్రీ చొక్కా, మర్యాదస్తుడు. చెడ్డవాడిలా ఉంటే నాకు సులువుగా ఉండేది. జిస్మికి శాలువా కప్పాడు. "అమ్మచ్చి కూడా రెండు మాటలు చెప్పాలి" అని మైకు నాకిచ్చాడు.

"మాటలు రావు సార్, కుట్టడమే వచ్చు" అన్నాను. "మీరు మా కోడలికి శాలువా ఇచ్చారు. నేను మీకు ఓణం చొక్కా కుట్టిపెడతాను. కొలత తీసుకోనా? సరేనా?"

చప్పట్లు. సార్ నవ్వుతూ చేతులు చాపి నిలబడ్డాడు. "సరే చేచీ, మహద్భాగ్యం!"

"సరే అన్నారు. అందరూ విన్నారుగా?"

మెడలోంచి టేపు తీశాను. జిస్మి శాలువా తీసి కుర్చీ మీద పడేసి బోర్డు దగ్గరకెళ్లి కలం పట్టుకుంది. మేం ముందుగా అనుకున్నది కాదు. ఆ పిల్లకి అలా తోచింది.

"భుజం పద్దెనిమిది" అన్నాను మైకులో. జిస్మి రాసింది. "ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికి. ఎప్పుడూ అటువైపే సంచి మోస్తారు. మెడ పదహారు. మెడ వెనక చెమటకాయలు. పొట్ట నలభై. ఊపిరి బిగబట్టకండి సార్. నలభై మూడు."

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. సార్ కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"చేచీ, మైకులో ఎందుకు?"

"మీరు సరే అన్నారుగా."

"చొక్కాకి సరే అన్నాను!"

"మా ఊరి ఆడవాళ్లూ జాకెట్టుకే సరే అన్నారు."

టేపు వదలకుండానే అడిగాను. "ఈ నలభై మూడు ఎవరికివ్వాలి సార్? పొడి అమ్మేవాడికా? ఈ భుజం ఎవరికివ్వాలి, నూనె అమ్మేవాడికా? ఇది మీ ఇంటి ఫోనుకి పంపనా, మీ అమ్మగారు చదువుతారు?"

అలా అడుగుతూనే వీపు కొలతకి టేపు వెనక్కి పోనిచ్చాను. అక్కడ చొక్కా కింద నా చేతికి ఒకటి తగిలింది. కుట్టేవాళ్ల వేళ్లకి తెలిసిపోతుంది. సార్ ఒళ్లు కొయ్యబారిపోయింది. మెడ తిప్పి నా కళ్లలోకి చూశాడు. ఆ చూపు వత్సల టీచర్ ఫోను బల్ల మీద పెట్టినప్పటి చూపే.

నేను చెయ్యి తీసేశాను. "వీపు పదిహేడు" అన్నాను, అంతే అన్నాను. ఏం తగిలిందో జిస్మికి చెప్పలేదు, ఇక్కడా రాయను.

"కొలత ఇచ్చింది బట్ట కుట్టడానికి" అన్నాను మైకులో. "ఇంకో దానికి వాడితే అది దొంగతనమే. ఒక్కసారి సరే అన్నంత మాత్రాన మనిషిని మొత్తం రాసిచ్చినట్టు కాదు. నేను నా పుస్తకం ఇచ్చి తప్పు చేశాను. నా దగ్గర కుట్టించుకున్నవాళ్లందరినీ క్షమించమని అడుగుతాను. మీలో ఎవరైనా ఎక్కించి ఉంటే ఇప్పుడే తీసేయండి."

వెనక వరసలోంచి ఎవరో "ఎక్కడ నొక్కాలి చేచీ?" అని అరిచారు. జిస్మి బోర్డు మీద అంకెలన్నీ చెరిపేసి, ఎక్కడ నొక్కాలో వరసగా రాయడం మొదలుపెట్టింది. సార్ ఆపలేదు. చివరి మెట్టు ఆ పిల్లకి తెలియకపోతే తనే మెల్లగా చెప్పాడు. వెళ్లేముందు నా దగ్గరకొచ్చి, "మా దగ్గరున్నవి తీయిస్తాను చేచీ. కానీ బయటికి వెళ్లిపోయినవి నేను వెనక్కి తేలేను" అన్నాడు.

అదొక్కటే అతను చెప్పిన నిజం. ఆ నిజానికి నేనింకా అతన్ని క్షమించలేదు.

ముప్పై ఏడుమంది సంతకాలతో జిస్మి ప్రభుత్వానికి ఫిర్యాదు రాసింది. ఒక్క కస్టమరు పేరూ అందులో లేదు. మా కొట్టు తలుపు మీద బోర్డు పెట్టాం: ఇక్కడ ఫోన్ నంబర్ అడగం. ఇప్పుడు గుర్తుకి గుడ్డలోంచి చిన్న ముక్క కోసి, రెండుగా కత్తిరించి, సగం మూటకి గుచ్చుతాం, సగం వాళ్లకిస్తాం. రెండు ముక్కలూ అతికితే బట్ట వాళ్లది. ఓణం దాటాక ఆర్డర్లు సగానికి పడిపోయాయి, పిల్లి తిరిగొచ్చింది. తాళంచెవి ఒకటే ఉండేది. రెండోది చేయించి జిస్మి మెడలో వేశాను.

వత్సల టీచర్ మాత్రం సభ అయ్యాక కూడా రాలేదు. జాకెట్టు బల్ల మీదే ఉంది.

ఓణానికి ముందురోజు, ఉత్రాడం నాడు పొద్దున్నే వచ్చింది ఆవిడ తల్లి, కల్యాణిక్కుట్టి అమ్మ. తెల్ల ముండు పంచె, చేతిలో గొడుగు, ఆయాసం. ఆటో దిగి మెట్లెక్కడానికి ఐదు నిమిషాలు పట్టింది.

"జాకెట్టు తీసుకెళ్దామని వచ్చాను త్రేసియా" అంది. నేను పొట్లం కట్టి ఇచ్చాను. ముట్టుకోలేదు. "అలాగే నా కూతురి పేజీ ఒకసారి చూపించు."

"ఎవరి పేజీ ఎవరికీ చూపించనమ్మా."

"నేను తల్లిని."

"తల్లికైనా అంతే."

"ఎనభై ఏళ్లొస్తున్నాయి. పోయేలోపు చూడాలనుంది."

"నేను పోయాక కూడా కుదరదమ్మా. నా శవపెట్టెలో నాతోపాటే పెట్టమని జిస్మికి చెప్పాను." సొరుగు తాళం మీద చెయ్యి పెట్టాను. "ఒకసారి తప్పు చేశాను. మళ్లీ చెయ్యను. మీరు తిట్టినా సరే."

ముసలమ్మ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. తర్వాత మెల్లగా నవ్వింది.

"చూపించి ఉంటే ఈ గొడుగుతో నాలుగు వాయించేదాన్ని" అంది. పొట్లం అందుకుంది. "రెండేళ్ల కిందట మా బట్టలుతికే రాయి పక్కన ఆవాల మొక్కలు మొలిచాయి. నేను వెయ్యలేదు, నా కూతురూ వెయ్యలేదు. పీకేశాను, మళ్లీ మొలిచాయి. ఒకరోజు అది జాకెట్టు దులుపుతుంటే కిటికీలోంచి చూశాను. పెద్దదానికి దూది పెట్టి కట్టిందాన్ని, నాకు తెలియదా?"

"అమ్మా..."

"అది ఎప్పటికైనా నా దగ్గర కూర్చుని, తన నోటితో తను చెబుతుందని రెండేళ్లుగా చూస్తున్నాను. ఆ ఫోనువాడెవడో మధ్యలో దూరి అది చెప్పాల్సిన మాట వాడు చెప్పేశాడు." ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడుపు కాదు, కోపం. "నేను ఆ ఫోను చూడలేదు. కళ్లజోడు లేక ఏదో నొక్కి ఉంటాను. దానికి అలాగే చెప్పు. తెలిసిందా? దాని మాట దానికి తిరిగి ఇచ్చెయ్."

"తెలిసిందమ్మా."

జిస్మి చెయ్యి పట్టుకుని మెట్లు దించింది. ఆటో ఎక్కబోతూ ముసలమ్మ ఆగి, సందులో అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, గొడుగుతో నన్ను దగ్గరకి పిలిచింది.

"ఈసారి సంచికి దగ్గర నేత గుడ్డ వెయ్యి. ఆవాలు కారుతున్నాయి."